నా టిప్పర్‌కి టర్బో పోయిందన్నారు, అసలు జరిగింది వేరు (నా అనుభవం)

టర్బో ఇంజన్ ఉన్న పాత లారీని సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు, ముఖ్యంగా ముందు ఓనరు "ఇంజన్‌కి కొంచెం పని చేయించాను, పవర్ పెంచాను" అని గొప్పగా చెప్పి అమ్మిన బండి కొన్నవాళ్లు ఇది ఒకసారి చదవండి. నాది పది టైర్ల టిప్పర్, లోపల 697 టర్బో ఇంజన్, అంటే పొగ బలంతో తిరిగే టర్బో ఇంజన్‌లోకి గాలి ఎక్కువ నెట్టే రకం. విజయవాడ ఆటోనగర్‌లో ఈ ఇంజన్ ముట్టుకోని మెకానిక్ ఉండడు. 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, 128 స్ట్రోకు, అన్నీ కలిపి 5675 సీసీ. పాత బెంజ్ ఓఎం 352 కొలతలే ఇవి, టాటా వాళ్లు బెంజ్‌తో కలిసి లారీలు తయారుచేసిన కాలం నుంచి వస్తున్న వంశం. మెకానికల్ డీజిల్ పంపు, వైరింగ్ గొడవ లేదు, సెన్సార్లు లేవు. అందుకే నాకు ఇష్టం. ఇందులో తప్పు ఎక్కడుందో కంప్యూటర్ చెప్పదు, మనమే వెతుక్కోవాలి, అది కూడా నాకు కొంచెం ఇష్టమే అనుకోండి, జేబుకి చిల్లు పడేవరకు.

ముందు ఓనరు ఈ బండిని ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ నుంచి జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీలకి బూడిద తోలడానికి వాడేవాడు. అంతా హైవే. ఆ పని కోసమే ఇంజన్‌లో ఉన్నదాని కంటే పెద్ద టర్బో పెట్టించాడు, రేడియేటర్ ముందు టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ బిగించాడు, పంపులో డీజిల్ పెంచాడు. ఎంత పెంచాడో, ఎవరు పెంచారో కాగితం మీద ఎక్కడా లేదు. అడిగితే "మంచి షాపులోనే చేయించానులే" అన్నాడు. నేను కొన్నాక బండిని దొనబండ, పరిటాల క్వారీల్లో కంకరకి పెట్టాను. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే తిరుగుతుంది.

మొదటి నుంచీ క్వారీ గుంతలోంచి లోడుతో పైకి ఎక్కేటప్పుడు బండి నల్లటి పొగ కక్కేది. డ్రైవర్‌ని అడిగితే "పవర్ బండి అన్నా, పొగ రాకపోతే ఇంకెందుకు" అనేవాడు. ఈ నమ్మకం మన లైన్లో చాలామందికి ఉంది. పొగ అంటే బలం కాదు, కాలకుండా బయటికి పోతున్న మన డీజిల్ డబ్బులు. ఎండలు ముదిరి రోహిణీ కార్తె దగ్గరపడే రోజుల్లో డ్రైవర్ ఫోన్ చేశాడు, బండి లాగడం లేదు, ఫస్ట్ గేర్‌లో కూడా ర్యాంపు మధ్యలో ఆగిపోతోంది, ఐడిలింగ్‌లో తడబడుతోంది, వెనక పొగ మామూలుగా కంటే ఎక్కువగా ఉంది అని. లోడు అక్కడే పోయించి ఖాళీ బండిని మెల్లగా ఆటోనగర్‌కి తెప్పించాను.

బండి వచ్చి ఆగేసరికి చుట్టూ నలుగురు చేరారు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి పోయే హోసు పైపు విప్పితే లోపలంతా ఆయిల్. అంతే, తీర్పు వచ్చేసింది, టర్బో సీలు పోయింది, ఆయిల్ తాగుతోంది, కొత్త టర్బో వేసేయండి. ఒకాయన అయితే అప్పటికే ఎవరికో ఫోన్ చేసి రేటు కూడా కనుక్కున్నాడు. పెద్ద టర్బో కదా, మామూలు దానికంటే రేటు ఎక్కువ. నాకు టెన్షన్ మొదలైంది, ఎందుకంటే బండి మీద ఇంకా ఫైనాన్స్ ఉంది.

నాకు తెలిసిన ఒక పెద్ద మెకానిక్ ఉన్నాడు, మేమంతా బాబాయ్ అంటాం. ఆయన వచ్చి ముందు ఎవరినీ ఏమీ విప్పనివ్వలేదు. "ఏం మార్చారో తెలియని ఇంజన్ ఇది. ముందు ఏం ఉందో చూద్దాం, తర్వాత ఏం పోయిందో చూద్దాం" అన్నాడు. టర్బో ముందు పైపు తీసి, గాలి నెట్టే కంప్రెసర్ చక్రం నట్టుని రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకి కదిపాడు. కొంచెం కదిలింది. పక్కనున్న కుర్రాడు "చూశారా, ప్లే ఉంది" అన్నాడు. బాబాయ్ నవ్వాడు. ఈ టర్బోల్లో షాఫ్ట్ బాల్ బేరింగుల మీద తిరగదు, బుష్‌కీ షాఫ్ట్‌కీ మధ్య ఉండే ఆయిల్ పొర మీద తేలుతుంది, అందుకే ఇంజన్ ఆపి ఉన్నప్పుడు పక్కలకి కొద్దిగా కదలడం మామూలే, అలా కదిలించినా రెక్కలు గోడకి తగలకూడదు అంతే. చూడాల్సింది ముందుకీ వెనక్కీ లాగినప్పుడు ఎంత కదులుతోందన్నది, అది దాదాపు ఏమీ ఉండకూడదు. నన్నూ లాగి చూడమన్నాడు. కదల్లేదు. రెక్కల అంచులు గీసుకుపోలేదు, ఒక్క రెక్క వంగలేదు.

తర్వాత సైలెన్సర్ వైపు పైపు విప్పించాడు. ఇక్కడే నాకు కళ్లు తెరుచుకున్నాయి. టార్చి వేసి పొగకి తిరిగే టర్బైన్ చక్రం మీదికి నన్ను వంగి చూడమన్నాడు. నల్లటి మసి మీద, రెక్కల అంచుల దగ్గర, వెండి రంగులో సన్నటి చుక్కలు అతుక్కుని ఉన్నాయి. గోరుతో గీకితే రాలేదు, బ్లేడుతో గీకితే మెత్తగా వచ్చాయి. "ఇది అల్యూమినియం. టర్బో ఈ వైపు ఎక్కడా అల్యూమినియం లేదు. చక్రం వేడికి తట్టుకునే వేరే లోహం, చుట్టూ ఉన్నది పోత ఇనుము. అవతలి వైపు కంప్రెసర్ చక్రం అల్యూమినియమే గాని అది చెక్కుచెదరకుండా ఉందని ఇప్పుడే చూశాం. మరి ఇది ఎక్కణ్నుంచి వచ్చింది?" అని నా మొహం వైపు చూశాడు. ఇంజన్‌లో మంట తగిలే చోట ఉండే అల్యూమినియం పిస్టనే. నాకు గొంతు ఎండిపోయింది.

అయినా చుక్కలు చూసి హెడ్ (సిలిండర్ల పై మూత) దింపేయడం బాబాయ్ పద్ధతి కాదు. ఏ సిలిండరో తెలియాలి, ఎందుకో తెలియాలి, హెడ్ దింపాక కొన్ని ఆధారాలు దొరకవు అంటాడు. ముందు సులువైనవి చూశాం. ఇంటర్‌కూలర్ పైపులు మూసేసి లోపలికి కొద్దిగా గాలి పెట్టి సబ్బు నీళ్లు కొడితే ఒక క్లిప్పు దగ్గర బుడగలు వచ్చాయి, హోసు సన్నగా పగిలింది. అది మార్చి చూస్తే పొగ కాస్త తగ్గింది, తడబాటు మాత్రం తగ్గలేదు. కుర్రాళ్లు అయితే అక్కడితో సరిపెట్టి పంపించేసేవాళ్లే. రేడియేటర్ మూత తీసి రేసింగ్ ఇస్తే నీళ్లలో బుడగలు లేవు, నీళ్లు పొంగలేదు. ఆయిల్‌లో నీళ్లు కలవలేదు. హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం సగం పోయింది. కానీ ఆయిల్ పోసే మూత తీస్తే ఉందీ అసలు విషయం, లోపల్నుంచి పొగ దబదబా కొడుతోంది, మూత మీద చెయ్యి పెడితే కొట్టుకుంటోంది. లోపలి గ్యాసు బయటికి పోయే బ్రీదర్ పైపు కింద నేలంతా ఆయిల్ చుక్కలు.

హోసులో ఆయిల్ సంగతి కూడా ఇక్కడే తేలింది. టర్బో బేరింగులోకి ఆయిల్ ప్రెషర్‌తో వస్తుంది, పని అయ్యాక తన బరువుకి తానే లావు పైపులోంచి కిందికి చాంబర్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) జారిపోవాలి. చాంబర్‌లో పిస్టన్ పక్కనుంచి దిగిన గ్యాసు నిండి ఉంటే ఆ ఆయిల్ దిగడానికి చోటు దొరకదు, వెనక్కి తన్ని సీలు దాటి గాలి పైపులోకి పోతుంది. టర్బో బాగానే ఉంటుంది, ఆయిల్ మాత్రం టర్బోలోంచే కారుతుంది. ఎంతమంది ఇలా మంచి టర్బోలు మార్చించుకుని, కొత్తది కూడా ఆయిల్ తాగుతోందని షాపువాడితో గొడవ పడి ఉంటారో.

ఇప్పుడు ఏ సిలిండరో. ఐడిలింగ్‌లో ఉంచి, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ పైపు నట్టు ఒక్కోటి వదులు చేశాడు. డీజిల్ బయటికి చిమ్ముతుంది, ఆ సిలిండర్ పని ఆగిపోతుంది, ఇంజన్ శబ్దం పడిపోవాలి. ఒకటో నంబర్ వదులు చేస్తే పడింది, రెండు, మూడు, నాలుగు పడ్డాయి, ఐదు వదులు చేస్తే ఏమీ లేదు, అదే శబ్దం. ఆరు పడింది. అంటే ఐదు ముందే పని చేయడం లేదు. ఒక్క మాట, ఇది పాత మెకానికల్ పంపు బళ్లకి మాత్రమే. కామన్ రైల్ (కంప్యూటర్‌తో డీజిల్ చిమ్మే కొత్త రకం) బండికి నడుస్తుండగా పైపు వదులు చేయకండి. అందులో 1000 బార్లు దాటి ప్రెషర్ ఉంటుంది, సన్నటి ధార చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది, చెయ్యి తీసేయాల్సి వచ్చే ప్రమాదం కూడా ఉంది.

ఐదో నంబర్ నాజిల్ విప్పి టెస్టింగ్ పంపు మీద పెడితే పొగమంచులా చిమ్మాల్సింది చివర చుక్కలు కట్టి కారుతోంది. ఇక్కడ కూడా చాలామంది ఆగిపోతారు, నాజిల్ మార్చేస్తే పోతుందని. బాబాయ్ రెండో సిలిండర్‌లోని మంచి నాజిల్ తీసి ఐదులో పెట్టి స్టార్ట్ చేశాడు. తడబాటు ఐదులోనే ఉంది. నాజిల్ పాడైంది నిజమే గాని, సిలిండర్ కూడా పాడైంది. నాజిల్ తీసిన చోట గేజి బిగించి కంప్రెషన్ చూస్తే మిగతావన్నీ 22, 24 మధ్య చూపించాయి, ఐదు 13 దాటలేదు.

గాలి పెట్టి చూడటం మాత్రం నేను మరిచిపోలేను. ఈ ఇంజన్ ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-5-3-6-2-4, అందులో ఐదుకి జోడీ రెండు, ఆ రెండు పిస్టన్లూ ఒకేసారి పైకి వస్తాయి. రెండో నంబర్ వాల్వులు రెండూ ఊగే చోటికి ఇంజన్ తిప్పితే ఐదో పిస్టన్ కంప్రెషన్‌లో పైన ఉన్నట్టు. టైర్లకి చెక్కలు పెట్టి, బండిని గేర్‌లో ఉంచి, ఎందుకంటే గాలి పెట్టగానే ఇంజన్ తిరిగిపోవచ్చు, నాజిల్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి వదిలాడు. నలుగురం నాలుగు చోట్ల చెవి పెట్టాం. సైలెన్సర్ దగ్గర శబ్దం వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి పైపు దగ్గర వస్తే ఇన్‌లెట్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలు వస్తే గ్యాస్కెట్, ఆయిల్ మూత దగ్గర వస్తే పిస్టన్, రింగులు. నాది ఆయిల్ మూత. చెవి దగ్గర పెట్టగానే బుస్సుమని గాలి, మొహం మీద వేడి ఆయిల్ వాసన. మిగతా ముగ్గురూ తలలు అడ్డంగా ఊపారు. నేను మాత్రం ఊపలేదు.

హెడ్ దింపే ముందు ఇంకొక పని చేయించాడు, పంపు టైమింగ్, అంటే డీజిల్ ఏ క్షణంలో చిమ్ముతోందో చూడటం. పంపు ఒకసారి విప్పితే అది ఎక్కడ కూర్చుని ఉందో తెలియదు, ఆ ఆధారం శాశ్వతంగా పోతుంది. ముందు ఓనరు టైమింగ్ ముందుకి లాగి పెట్టించి ఉంటాడని నా అనుమానం. కాదు, ఉండాల్సిన చోటే ఉంది. ఒక అనుమానితుణ్ని వదిలేశాం.

హెడ్ దించాక ఐదో పిస్టన్ అంచు ఎలుక కొరికిన కొబ్బరిచిప్పలా ఉంది. ఒక పక్క, సరిగ్గా నాజిల్ ధార తగిలే చోట, లోహం కరిగి కిందికి జారిపోయింది, పై రింగు కనబడుతోంది, దాని కింది రింగు గాడి విరిగింది. పిస్టన్ కదిలే గొట్టం, అదే లైనర్, దాని మీద నిలువు గీతలు. మిగతా అయిదు పిస్టన్లు మసి పట్టి ఉన్నాయి గాని ఆకారం చెడలేదు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పిస్టన్లకి వాడే సిలికాన్ కలిసిన రకం అంతకంటే ముందే మెత్తబడుతుంది. కాబట్టి అక్కడ ఎంత వేడి నిలిచిందో ఊహించుకోండి. వెంటనే చాంబర్ కూడా దింపాం, కరిగిన ముక్కలు ఆయిల్‌లో కలిసి బేరింగుల్ని గీసి ఉంటాయేమోనని. ఫిల్టర్ కోసి చూస్తే వెండి పొడి ఉంది. బేరింగులు మార్చాలి.

సరే, ఐదే ఎందుకు కరిగింది? నాజిల్ కారడం ఒక కారణం. పంపు కూడా చూద్దామని పంపు షాపుకి తీసుకెళ్లాం. కాలిబ్రేషన్ మిషను మీద పంపు బిగించి తిప్పుతారు, ఒక్కో ఎలిమెంట్ (పంపులో ఒక్కో సిలిండర్‌కి డీజిల్ కొట్టే భాగం) నుంచి వచ్చే డీజిల్ వరసగా పెట్టిన గాజు గొట్టాల్లో పడుతుంది, గొట్టం మీద గీతల్ని బట్టి ఎంతో చూస్తారు. మిషను ఆపాక ఆరు గొట్టాలూ చూశాం. అయిదింటిలో మట్టం దాదాపు ఒకేలా ఉంది, అది కూడా పుస్తకంలో ఉన్న లెక్క కంటే బాగా ఎక్కువ, ఐదో గొట్టంలో వాటి మీద ఇంకా పైకి. లోపల ఐదో ఎలిమెంట్ క్లాంపు స్క్రూ వదులై జరిగిపోయింది. బిగించినవాడు సరిగా బిగించలేదు, ఎవరో నేను చెప్పను, చెప్పినా ఇప్పుడు లాభం లేదు.

పంపు షాపాయనకి మాత్రం ఇంకో దాని మీద కన్ను పడింది. పంపు వెనక మీద గుండ్రటి డయాఫ్రమ్ డబ్బా ఉంటుంది, ఎల్‌డీఏ అంటారు. మానిఫోల్డ్ నుంచి చిన్న గాలి పైపు దానికి వస్తుంది. టర్బో గాలి వచ్చేవరకు డీజిల్ తక్కువే వదులు, గాలి వచ్చాక పూర్తిగా వదులు, అదీ దాని డ్యూటీ. నా బండికి పైపు కూడా బిగించే ఉంది, బయటినుంచి చూస్తే ఏ అనుమానం రాదు. ఆయన గాలి పెట్టకుండా మిషను తిప్పాడు, గొట్టాలు నిండాయి. ఖాళీ చేసి, డబ్బాకి గాలి పెట్టి మళ్లీ తిప్పాడు. అదే గీత దగ్గర ఆగింది, ఒక్క చుక్క తేడా లేదు. విప్పితే లోపల ఎవరో ఒక వాషర్ పెట్టి దాన్ని ఎప్పుడూ ఫుల్‌లోనే ఉండేలా నిలబెట్టేశారు. యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఎగరాలి కదా, అందుకు.

ఇంక ముడులన్నీ విడిపోయాయి. ముందు ఓనరు హైవే మీద టాప్ గేర్‌లో తోలేవాడు, టర్బో ఎప్పుడూ తిరుగుతూనే ఉండేది, డీజిల్ ఎక్కువైనా దానికి సరిపడా గాలి వచ్చేది, ఇంజన్ బతికింది. నా దగ్గర అదే ఇంజన్ క్వారీ ర్యాంపు మీద ఫస్ట్ గేర్‌లో, లోడుతో, తక్కువ ఆర్‌పీఎమ్‌లో పాకాలి. పెద్ద టర్బో ఆ తక్కువ పొగకి తిరగదు, గాలి రాదు. వాషర్ పెట్టిన ఎల్‌డీఏ మాత్రం డీజిల్ పూర్తిగా పోసేస్తుంది. గాలి లేని చోట డీజిల్ గుమ్మరిస్తే నల్లపొగ, ఎగ్జాస్ట్‌లో విపరీతమైన వేడి, ఎండకి ఇంటర్‌కూలర్ అంతంతమాత్రం, అందులోనూ ఐదులో మిగతావాటి కంటే ఎక్కువ డీజిల్, అది కూడా కారే నాజిల్‌లోంచి. ఐదు ముందు పోయింది గాని ఇంకొన్నాళ్లు తోలి ఉంటే దాని వెనక మిగతావీ పోయేవే.

ఇంతా తెలిశాక చేయించిన పని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆరింటికీ లైనర్లు, పిస్టన్లు, ఆరు నాజిళ్లు, బేరింగులు. ఐదుకి మాత్రమే వేయిద్దామని లేత్ షాపులో ఒకాయన సలహా ఇచ్చాడు, వినలేదు. పంపు డీజిల్‌ని పుస్తకం లెక్కకి దగ్గరగా తెప్పించాను, ఆరు గొట్టాల్లో ఒకే గీత చూశాకే డబ్బు ఇచ్చాను. వాషర్ తీయించి ఎల్‌డీఏ మళ్లీ పనిచేసేలా పెట్టించాను. పెద్ద టర్బో అమ్మేసి ఆ ఇంజన్‌కి రావాల్సిన చిన్నది వేయించాను, అందరూ పోయిందన్న టర్బోకి మంచి రేటే వచ్చింది. ఇంటర్‌కూలర్ మాత్రం ఉంచేశాను, గాలి చల్లబడటం ఇంజన్‌కి ఎప్పుడూ మంచిదే. ఇంటర్‌కూలర్, గాలి పైపులన్నీ విప్పి డీజిల్‌తో కడిగి ఆరబెట్టాం, లోపల నిలిచిన ఆయిల్ స్టార్ట్ చేయగానే ఇంజన్‌లోకి పోతే అది తన ఆయిల్ తానే తాగి ఆపినా ఆగకుండా పరుగెత్తుతుంది.

ఇంకా రెండు గేజీలు పెట్టించాను. ఒకటి బూస్ట్‌కి (టర్బో గాలి ప్రెషర్), ఒకటి టర్బోకి ముందు మానిఫోల్డ్‌లో వేడి చూపించేది. ఇంజన్ నీళ్ల గేజి ఈ రోగాన్ని చూపించదు, పిస్టన్ కరుగుతున్నా నీళ్లు మామూలుగానే ఉంటాయి. టర్బోకి ముందు 700 డిగ్రీలు దాటి నిలబడనివ్వకూడదని బాబాయ్ లెక్క. మొదటి లోడుకి నేనే పక్కన కూర్చున్నాను. అదే ర్యాంపు, అదే ఫస్ట్ గేర్, సూది 600 దాటి కొంచెం పైకి వెళ్లి ఆగింది. వెనక అద్దంలో పొగ లేత బూడిద రంగులో కనబడింది.

డ్రైవర్‌కి మాత్రం నచ్చలేదు. "అన్నా, తొక్కగానే ఎగిరే ఊపు పోయింది, పాత పంపు సెట్టింగే బాగుంది" అని ఇప్పటికీ సణుగుతాడు. ఆ మాట నిజమే, ఊపు తగ్గింది. డీజిల్ కూడా తగ్గింది, నెలాఖరు బంకు బిల్లు చూపించాను, కాసేపు చూసి "అయితే సేవింగ్‌లో నా వాటా ఎంత" అన్నాడు. ఇంకా తేలలేదు ఆ లెక్క.